రాత్రివేళ దూరపు స్వరములు
(మేడ్చల్‌లో జరిగిన యువజన కూటములో చేసిన ప్రసంగ పాఠము)



తీరిక వేళలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్మును అడిగినప్పుడు, పెద్దలు బహుశా సంగీతమో, తోటపనియో, గ్రంథ పఠనమో మా నోట వస్తుందని తలంచి యుండవచ్చును. అవి మంచివే. కాని మేము ఎన్నుకొన్నది వేరు. ఊరు మాటుమణిగిన తరువాత రేడియో ముందు కూర్చుండి, వందల వేల కిలోమీటర్ల దూరమునుండి వచ్చే కేంద్రముల కొరకు చెవి ఒగ్గి వినుట. ఈ అలవాటు గలవారు దీనిని డి.ఎక్స్. అంటారు. డి అనగా దూరము, ఎక్స్ అనగా ఇంకను తెలియనిది. పాటల కొరకు రేడియో పెట్టుట వేరు, ఇది వేరు. పాట వినేవాడు పాట అయిపోగానే సంతోషముతో పండుకొంటాడు. వీడు మాత్రము పాట అయిపోవుట కొరకే కాచుకొని యుంటాడు. పాట తరువాత కేంద్రము పేరు చెప్తారు గదా, అది కావాలి వీనికి.

రేడియో మన ప్రాంతమునకు కొత్తది కాదు. హైదరాబాదులో దక్కన్ రేడియో 1935లో 200 వాట్ల చిన్న ట్రాన్స్‌మీటరుతో మొదలైనది. 1950 ఏప్రిల్ ఒకటవ తేదీన అది ఆకాశవాణిలో కలిసినది. 1952లో ఆకాశవాణి సినిమా పాటలకు పగ్గము వేసేసరికి, దేశమంతా రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పింది. ఆ పోటీకి జవాబుగా 1957 అక్టోబరు 3న వివిధ భారతి వచ్చింది. సిలోన్ నుండి తెలుగు పాటలు కూడ వచ్చేవి. అవి షార్ట్ వేవ్‌లో తేలుతూ, మునుగుతూ వినిపించేవి. మన తల్లిదండ్రుల తరమువారు ఆ పాటలు వింటూ, తమకు తెలియకుండానే సముద్రము దాటి వచ్చిన ధ్వనిని పట్టుకొనే నేర్పు సంపాదించినారు. ముల్లును వెంట్రుకవాసి ఎటు జరపాలో, ఏ గంటకు స్వరము బలపడుతుందో, వర్షాకాలములో ఎందుకు గరగరలాడుతుందో వారికి ఎవరును నేర్పలేదు. ఆనాడు రేడియో ఉంచుకొనుటకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టవలసి యుండేదని కూడ మీలో చాలామందికి తెలియదు.

ఇక రాత్రివేళనే ఎందుకు అంటారా? పగలు మన మేడ్చల్‌లో మీడియం వేవ్ తిప్పితే హైదరాబాదు, ఇంకొకటో రెండో దగ్గరి కేంద్రములు తప్ప ఏమియు దొరకదు. సూర్యుడు అస్తమించిన గంటకు అదే సెట్టులో అంగుళమునకొక భాష. సెట్టు మారలేదు, ఆకాశము మారింది. భూమికి 60 నుండి 90 కిలోమీటర్ల ఎత్తున ఒక పొర ఉన్నది. పగటి ఎండకు అది బలపడి మీడియం వేవ్ తరంగములను మ్రింగివేస్తుంది. చీకటి పడగానే ఆ పొర కరిగిపోతుంది. అప్పుడు తరంగములు ఇంకను పైకి పోయి, ఎత్తున ఉన్న మరి రెండు పొరలకు తగిలి, అద్దము మీది వెలుగువలె తిరిగి భూమి మీదికి వంగుతవి. ఈ పొరలు ఉండవచ్చునని కెనెలీ, హెవిసైడ్ అనే ఇద్దరు 1902లోనే ఊహించినారు. ఋజువు చేసినది ఎడ్వర్డ్ ఆపిల్టన్, ఆయన శిష్యుడు బార్నెట్. ఇంగ్లండులో బోర్న్‌మత్ ట్రాన్స్‌మీటరు నుండి పంపిన తరంగమును ఆక్స్‌ఫర్డులో పట్టి, అది పైన ఎంత ఎత్తునుండి తిరిగి వచ్చినదో లెక్కించినారు.

ఆ ప్రయోగము జరిగిన రాత్రి 1924 డిసెంబరు 11. ఆ తేదీ చదివినప్పుడు మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుండినాము. అదే డిసెంబరు 25న మన మెదకు మహా దేవాలయము ప్రతిష్ఠ జరిగినది. పాస్నెట్ దొరగారు కరవు కాలమున పది సంవత్సరములు కూలివారికి అన్నము పెట్టి కట్టించిన ఆ గోడలు ఇక్కడ పూర్తియగుచున్న దినములలోనే, అక్కడ ఇద్దరు మనుష్యులు నడిరాత్రి ఆకాశమునకు పైకప్పు ఉన్నదని కనుగొన్నారు. ఒకదానికి ఒకటి సంబంధము లేదు. అయినను శతాబ్ది మాట వచ్చినప్పుడెల్లా మాకు ఈ రెండును కలిసియే జ్ఞాపకము వస్తవి. ఆపిల్టన్‌కు నోబెల్ బహుమానము 1947లో వచ్చింది, దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినదియు ఆ సంవత్సరమే. మన దేశములో కలకత్తాలోని శిశిర్ కుమార్ మిత్రాగారు ఈ పొరల మీదనే సంవత్సరముల తరబడి పరిశోధించి గొప్ప గ్రంథము వ్రాసినారు. అదియు 1947లోనే. ఇక చాలును, లేకుంటే ఇది లెక్కల పాఠమైపోతుంది.

లెక్క అనగా ఒక చిన్న వింత మాత్రము చెప్పి ముందుకు పోతాము. మీడియం వేవ్‌లో హైదరాబాదు 738 కిలోహెర్ట్జ్, విజయవాడ 837, విశాఖపట్నము 927. ఈ మూడింటిని తొమ్మిదితో భాగించి చూడండి, శేషము మిగలదు. దేశములన్నీ కూడి చేసికొన్న ఒడంబడిక ప్రకారము 1978 నవంబరు నుండి ఆసియా, ఐరోపా, ఆఫ్రికాలలో కేంద్రములను తొమ్మిదేసి కిలోహెర్ట్జ్ ఎడమున కూర్చుండబెట్టినారు. ముల్లు రెండు కేంద్రముల నడుమ ఎక్కడో ఉన్నప్పుడు, ఆ తొమ్మిదవ ఎక్కము మనకు దారి చూపుతుంది.

దీనికి ఖరీదైన సెట్టు కావాలని కొందరు అంటారు. మేము ఒప్పుకొనము. సెట్టుకంటె దానిని త్రిప్పే విధము ముఖ్యము. మామూలు ట్రాన్సిస్టరు లోపల నల్లని కడ్డీ ఒకటి, దానికి చుట్టిన సన్నని తీగ ఉంటుంది. మీడియం వేవ్‌కు అదే ఏరియల్. ఆ కడ్డీ ప్రక్కలనుండి వచ్చేది బాగా వింటుంది, కొనల వైపునుండి వచ్చేది వినదు. కొత్తవారు దూరపు కేంద్రము ఏ దిక్కున ఉన్నదో ఆ దిక్కునకు సెట్టును త్రిప్పుతూ అలసిపోతారు. అనుభవము గలవారు అట్లు చేయరు. అడ్డువచ్చే దగ్గరి కేంద్రము ఏ మూల పెట్టితే మాయమవుతుందో చూచి సెట్టును అక్కడ నిలుపుతారు. బాగా వినబడే దిక్కు వెడల్పుగా ఉంటుంది, వినబడని దిక్కు కత్తి అంచువలె సన్నగా ఉంటుంది. ఆ అంచు మీద దగ్గరి గొంతును నిలబెట్టితే, దాని క్రిందనుండి దూరపు గొంతు మెల్లగా పైకి లేస్తుంది. మొదటి సారి అది జరిగినప్పుడు వెన్ను జలదరిస్తుంది. షార్ట్ వేవ్‌కైతే కిటికీ నుండి వేపచెట్టు కొమ్మకు పదునైదు మీటర్ల రాగి తీగ చాలును. ఏప్రిల్, మే నెలలలో ఉరుములు వినబడగానే దానిని ఊడదీసి బయట పడవేయండి. పిడుగుతో పరిహాసము వద్దు.

ఇప్పుడు అసలు కష్టము. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతము ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరు పడినది. రాత్రి ఎనిమిది దాటితే జాతీయ రహదారి మీద లారీలు, మన్మాడు లైను మీద ఒకటి రెండు రైళ్లు, అంతే చప్పుడు. రేడియోకు అంతకంటె మేలైన చోటు నగరము చుట్టుప్రక్కల ఉండేది కాదు. ఇప్పుడు తోటలున్న చోట ప్లాట్లు, ప్లాట్లున్న చోట అపార్టుమెంట్లు. వాటిని మేము తప్పుపట్టము, మన సంఘస్థులే అనేకులు అందులో కాపురమున్నారు. అయితే ప్రతి ఇంటిలో పది ఎల్.ఇ.డి. బల్బులు, సెల్ ఫోను చార్జర్లు, ఇన్వర్టరు, సెట్ టాప్ బాక్సు. వీటిలో ప్రతిదియు లోపల కరెంటును క్షణమునకు వేల సార్లు తెంచి కలుపుతూ ఉంటుంది. చెవికి వినబడదు గాని రేడియోకు తేనెటీగల తుట్టెవలె వినబడుతుంది. వేయి కిలోమీటర్ల దూరమునుండి వచ్చిన స్వరమును ప్రక్క గదిలోని చార్జరు మ్రింగివేస్తుంది.

అందుచేత కరెంటు పోయిన రాత్రి మాకు పండుగ. వీధి అంతా "అయ్యో" అంటుంది, మేము సెట్టు పట్టుకొని మిద్దె మీదికి పరుగెత్తుతాము. మా ఇంటావిడ అంటుంది: "ఏమండీ, కరెంటు పోయినందుకు సంతోషించే మనిషిని లోకములో మిమ్ములను ఒక్కరినే చూచినాను. పిల్లల పరీక్షలప్పుడైనా కొంచెము విచారముగా కనబడండి." న్యాయమైన మాటే.

విన్న తరువాత ఏమి చేయాలి? ఇక్కడనే ఈ అలవాటు కాలక్షేపమును దాటి ముందుకు పోతుంది. రేడియో కేంద్రము చీకటిలోనికి మాట్లాడే మనిషివంటిది. ఎదుట ఎవరున్నారో దానికి తెలియదు. మన వంటి కాపరులకు కనీసము బల్లల మీద తలలైనా కనబడతవి, నిద్రపోయే తలలైనా సరే. కేంద్రమునకు అదియు లేదు. శ్రోత వ్రాసిన ఉత్తరమే దానికి కన్ను. అందుకే విన్నవాడు నివేదిక వ్రాస్తాడు. తేదీ, సమయము, కిలోహెర్ట్జ్, భాష, అర్ధగంటలో ఏమేమి విన్నాడో వరుసగా. సమయమును మన గడియారము ప్రకారము గాక ప్రపంచ సమయములో, అనగా ఐదున్నర గంటలు తీసివేసి వ్రాయాలి. కేంద్రమువారు దానిని తమ దినచర్య పుస్తకముతో సరిచూచి, నిజమైతే ఒక కార్డు పంపుతారు. దానిని క్యూ.ఎస్.ఎల్. కార్డు అంటారు. "మీకు అందినది నిజమే" అని దాని భావము. వినని దానిని వ్రాస్తే అక్కడ పట్టుబడిపోతుంది. "కార్యక్రమము చాలా బాగున్నది" అని మాత్రము వ్రాస్తే కార్డు రాదు, ఎందుకనగా ఆ మాట వినకుండానే వ్రాయవచ్చును.

ఆ నివేదికలో ఐదు అంకెలు ఉంటవి. స్వరము బలము, ఇతర కేంద్రముల అడ్డు, గరగర, హెచ్చుతగ్గులు, మొత్తము మీద ఎట్లున్నది అని ఒక్కొక్కదానికి ఒకటి నుండి ఐదు వరకు మార్కు వేయాలి. మొగమాటము గలవారు అన్నింటికి ఐదులు వేసి పంపుతారు. అది కేంద్రమునకు ఉపకారము కాదు. ఏ ఊరిలో ఏ గంటకు రెండు మార్కులే వచ్చినవో తెలిస్తేనే వారు గంట మార్చుకొంటారు, కిలోహెర్ట్జ్ మార్చుకొంటారు. ఆదివారము ఆరాధన ముగిసి దేవాలయ ద్వారము దగ్గర నిలుచున్నప్పుడు మాకు దొరికేవి అన్నీ ఐదులే. "ప్రసంగము బాగున్నదయ్యగారూ" అని చెయ్యి కలిపి పోతారు. ఒక్కరైనా "మూడవ భాగములో స్వరము మునిగిపోయినదయ్యా" అని చెప్తే ఎంత మేలు!

ఇప్పుడు ఒక ముసలాయనను గూర్చి చెప్పాలి. పేరు చెప్పము, ఆయన కుటుంబము వారు ఇంకను శామీర్‌పేట ప్రక్కననే ఉన్నారు. మేము చదువుకొనే రోజులలో, ఆయన ఒక తోటలో రాత్రి కావలి. చదువు రాదు. తోలు సంచి తొడిగిన చిన్న ట్రాన్సిస్టరు ఒకటి ఉండేది. ఆయన వినేది సీషెల్స్ ద్వీపములనుండి వచ్చే ఫీబా రేడియో తెలుగు కార్యక్రమము. హిందూ మహాసముద్రములో, మనకు దాదాపు 3,500 కిలోమీటర్ల దూరములో ఉన్న చిన్న దేశము అది. 1970లో అక్కడినుండి ప్రసారములు మొదలైనవి. సముద్రములోని పగడపు దిబ్బ మీద స్తంభములు నాటి ఏరియల్ కట్టినారు. మన దేశమునకు, ఆఫ్రికాకు, మధ్య ప్రాచ్యమునకు అనేక భాషలలో వాక్యము అక్కడినుండి వచ్చేది. శ్రీలంకలోని పుత్తలము నుండి 882 కిలోహెర్ట్జ్ మీద విశ్వవాణివారివి కూడ వచ్చేవి. దేవాలయము లేని పల్లెలలో, ఉన్నను పోవుటకు వీలులేని కావలివాండ్రకు, మంచము పట్టినవారికి ఈ రెండే ఆరాధన.

ఆ ముసలాయన మా ఇద్దరు ముగ్గురు స్నేహితులము డి.ఎక్స్. పిచ్చివాండ్రమని విని, ఒక దినము మమ్మును పిలిపించినాడు. "బాబూ, ఇన్నేండ్లనుండి ఆ అయ్యలు నాతోటి మాట్లాడుతున్నరు. నేను ఒక్కమాట గూడ తిరిగి చెప్పలే. వాండ్లు ఏమనుకొంటరు?" అన్నాడు. మేము కార్డు కొరకు, బిళ్ల కొరకు వ్రాసేవారము. జవాబు బాకీ ఉన్నదని అనుకొన్న మనిషిని అదే మొదటి సారి చూచుట. ఆయన చెప్తుండగా పోస్టు కార్డు మీద వ్రాసినాము. ఏ పొద్దున ఎట్లు వినబడుతుందో అడిగితే, ఆయన మాకంటె బాగుగా చెప్పినాడు: చలికాలము బాగు, ముసురు పట్టితే గరగర, చెరువు కట్ట మీదికి పోతే ఇంకా స్పష్టము. మా నోటు పుస్తకములలో అంత నిదానమైన నివేదిక ఒక్కటి లేదు. నెల దాటిన తరువాత బెంగుళూరు నుండి జవాబు వచ్చింది. ఆయన దానిని చదివించుకొని, బైబిలు లేదు గనుక, రేడియో తోలు సంచిలోనే మడిచి పెట్టుకొన్నాడు.

2003లో సీషెల్స్ కేంద్రమును మూసివేసినారు. కార్యక్రమములు ఇతర దేశముల ట్రాన్స్‌మీటర్లను అద్దెకు తీసికొని, వేరు గంటలలో, వేరు కిలోహెర్ట్జ్ మీద సాగినవి. ఆ సంగతి ఉత్తరములు చదువగలవారికి తెలిసినది. ఆయనకు ఎట్లు తెలుస్తుంది? ముల్లు ఎప్పుడును అదే గీత మీద ఉండేది. మేము సెలవులకు వచ్చి చూచేసరికి, అదే గీత మీద, అదే గంటకు, ఉత్త గరగర వింటూ కూర్చున్నాడు. కొత్త చోటు పట్టి, సెట్టు అద్దము మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టి ఇచ్చినాము. తరువాత ఆయన రెండు చలికాలములు బ్రదికినాడు.

కేంద్రములు మూతపడుట అక్కడితో ఆగలేదు. రేడియో ఆస్ట్రేలియా షార్ట్ వేవ్ 2017 జనవరి 31న ముగిసినది. బి.బి.సి. హిందీ షార్ట్ వేవ్ 2020 జనవరి 31న ముగిసినది. ఒకప్పుడు మన ఆకాశవాణి హైదరాబాదును 4800 కిలోహెర్ట్జ్ మీద ఐరోపాలోని అభిరుచి గలవారు చలిరాత్రులలో మేలుకొని వినేవారు. మనకు ఇంటి ప్రక్క కేంద్రము, వారికి దొరకక దొరికిన దూరపు స్వరము! అందరికి చేతిలో సెల్ ఫోను ఉన్నది గదా, ఇక రేడియో ఎందుకు అని అడుగుతారు. ఖర్చు లెక్క చూచేవారి దృష్టిలో ఆ ప్రశ్నకు బలమున్నది. అయితే ఫోను పనిచేయుటకు స్తంభము కావాలి, స్తంభమునకు కరెంటు కావాలి, నడుమ తీగ కావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును తాకినప్పుడు ఆ మూడును ఒకేసారి పడిపోయినవి. రెండు సెల్లులతో నడిచే ట్రాన్సిస్టరుకు ఆ మూటిలో ఒక్కటియు అక్కరలేదు.

దీనికి పినతల్లి బిడ్డ వంటిది అమెచ్యూరు రేడియో. మనము వింటాము, వారు లైసెన్సు పొంది తిరిగి మాట్లాడతారు కూడ. ఆ పనికి మన హైదరాబాదులోనే 1983లో జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ ఏర్పడినది. ఆ సంస్థకు చెందిన భారతి ప్రసాద్‌గారు, అండమాను దీవులనుండి ప్రపంచములోని అభిరుచి గలవారితో మాట్లాడవలెనని ఎంతో కాలము ప్రయత్నించి అనుమతి పొంది, 2004 డిసెంబరులో తోటివారితో పోర్ట్ బ్లెయిర్ చేరినారు. వారు పోయినది ఆటకే. దూరపువారిని పలుకరించి కార్డులు మార్చుకొనే ఆటకు. డిసెంబరు 26 ఆదివారము తెల్లవారుతూనే భూమి కంపించినది, సముద్రము పైకి వచ్చినది. టెలిఫోనులు తెగిపోయినవి. ఆట కొరకు తెచ్చిన సెట్లే అప్పుడు దీవులకును దేశమునకును నడుమ క్షేమ సమాచారములు మోసినవి. మనము క్రిస్మసు మరునాటి ఆరాధనకు సిద్ధపడుచున్న గంట అది. తన బిడ్డ బ్రదికి యున్నాడో లేదో తెలియని తల్లికి ఎవరో ముఖము తెలియని మనిషి గరగర నడుమనుండి పేరు విని, వ్రాసికొని, కబురు చేరవేసినాడు. ఏండ్ల తరబడి రాత్రులు మేలుకొని సన్నని స్వరములను విని విని సాధన చేసిన చెవి కాకుంటే ఆ పేరు పట్టుబడదు.

షార్ట్ వేవ్ ఇంకను మూగబోలేదు. చలికాలము మంచి కాలము, నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఉరుములు తక్కువ, రాత్రులు పొడుగు. యువజనులలో ఎవరికైనా మనసైతే ఒక పాత ట్రాన్సిస్టరు, ఒక నోటు పుస్తకము, ఒక పెన్సిలు తెచ్చుకొనండి. పెన్ను వద్దు, మంచుకు సిరా పాకుతుంది. ముసలాయన చెప్పిన మాట నిజమే, శామీర్‌పేట చెరువు వైపు ఇండ్లకు కొంత ఎడముగా పోతే నేటికిని గరగర తగ్గుతుంది. ఒంటరిగా పోవద్దు, పాములుంటవి. మొదటి రాత్రి ఏమియు దొరకకపోయినను "ఏమియు వినబడలేదు" అని తేదీతో సహా వ్రాసికొనండి, ఆ గీతకు కూడ విలువ ఉన్నది. చెరువుదాక పోలేనివారు శుక్రవారములు రాత్రి తొమ్మిది తరువాత మా మిద్దె మీదికి రండి. చాపలు ఉన్నవి, టీ మా ఇంటావిడ ఇస్తుంది. సెల్ ఫోను చార్జర్లు మాత్రము ఇంటి దగ్గర వదలిపెట్టి రండి.